ఎర్రగా పోస్తే రక్తమేనా? చిట్టి ఉచ్చ గురించి కొంచెం పెద్ద జవాబు

కూకట్‌పల్లి నుంచి ఒకావిడ రాసిన ఉత్తరం ఇది, కొంచెం కుదించి ఇస్తున్నాను:

"నమస్తే అండీ. మా ఇంట్లో రెండున్నరేళ్ల ఆడ కుందేలు ఉంది. పేరు చిట్టి, బరువు 1.8 కిలోలు, ఆపరేషన్ ఏదీ చేయించలేదు. పోయిన వారం బాల్కనీలో దాని ట్రేలో మూత్రం ఎర్రగా కనిపించింది. మా అత్తయ్య 'నెలసరి అయ్యుంటుందిలే' అన్నారు. నాలుగు రోజుల తర్వాత సున్నం కలిపిన నీళ్లలా తెల్లగా పోసింది, ఎండాక టైల్స్ మీద పొడిపొడిగా అంటుకుపోయింది. తిండి బాగానే తింటోంది, గెంతుతోంది. మేము క్యారెట్, బీట్‌రూట్ తొక్కలు, మునగాకు, కొత్తిమీర పెడతాం. పెల్లెట్లు, అంటే షాపులో దొరికే మేత గుళికలు, కప్పు నిండా వేస్తాం. ఎండిన లూసర్న్ గడ్డి కూడా ఉంటుంది. నీళ్లు మాత్రం పెట్టం, కొన్న షాపులో నీళ్లు పెడితే కుందేలు చచ్చిపోతుందని చెప్పారు. ఇది రక్తమా? కిడ్నీలో రాళ్లా? ఒకటే టెన్షన్‌గా ఉంది."

ముందు లేచి వెళ్లి ఒక గిన్నెలో నీళ్లు పోసి చిట్టి ముందు పెట్టి రండి. మిగతాది వచ్చాక చదువుదురు గాని.

పెట్టారా? తేలికపాటి స్టీలు గిన్నె అయితే రెండు నిమిషాల్లో తిరగేస్తుంది, బరువైన మట్టి మూకుడో పింగాణీ గిన్నో చూడండి. పంజరానికి తగిలించే బాటిల్ కన్నా గిన్నెలోనే కుందేళ్లు ఎక్కువ తాగుతాయి. కిలో బరువుకు రోజుకు 50 నుంచి 150 మిల్లీలీటర్ల దాకా తాగుతాయి, అంటే మీ చిట్టికి 90 నుంచి 270 దాకా, ఎండాకాలం ఇంకా పైకి పోవచ్చు. ఇన్నాళ్లూ నీళ్లు లేకుండా లాక్కొచ్చిందంటే ఆకుకూరల్లో ఉన్న తడి పుణ్యమే. ఈ నీళ్లు పెట్టకూడదన్న మాట ఎక్కడ పుట్టిందో గాని హైదరాబాద్‌లో నేను కనీసం పది మంది నోట విన్నాను. నా అంచనా ఏంటంటే, తల్లి పాలు మానక ముందే నెల పిల్లల్ని తెచ్చి అమ్మేస్తారు, వాటికి ఇంట్లో తడి ఆకులూ క్యారెట్లూ ఒకేసారి కుక్కుతారు, విరేచనాలు పట్టుకుని చచ్చిపోతాయి, నింద నీళ్ల మీద పడుతుంది. షాపువాడికి చెప్పి చూడండి, వినడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు మరి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీరు అడిగినవి రెండు రంగులు, రెండు వేరు వేరు కథలు. దేనికీ మీ ఉత్తరం చూసి "ఇదే జబ్బు" అనో "ఏమీ లేదు" అనో నేను తేల్చలేను, నేను డాక్టర్‌ని కాను, పదిహేనేళ్లుగా కుందేళ్లతో కాపురం చేస్తున్నవాణ్ని. కానీ ఏది మామూలో, ఏది కాదో ఇంట్లోనే చాలావరకు ఎలా తెలుసుకోవచ్చో చెప్పగలను.

ఎరుపుతో మొదలుపెడదాం. కుందేలు మూత్రం మన మూత్రంలా ఎప్పుడూ ఒకే పసుపు రంగులో ఉండదు. లేత పసుపు, ముదురు పసుపు, నారింజ, టీ డికాషన్ రంగు, ఇటుక ఎరుపు, ఇవన్నీ ఆరోగ్యంగా ఉన్న కుందేలు పోసేవే. ఆకుల్లో, దుంపల్లో ఉండే రంగు పదార్థాలు, పోర్ఫిరిన్లు అనే ఇంకో రకం పదార్థాలు మూత్రంలోకి దిగుతాయి, అందుకని ఎరుపు. బీట్‌రూట్ అందరికీ తెలిసిన దొంగ, కానీ క్యాబేజీ, క్యారెట్, పాలకూర తిన్నాక కూడా కొన్ని కుందేళ్లకు ఎర్రగా వస్తుంది. యాంటీబయాటిక్ మందులు పడ్డప్పుడు వస్తుంది. ఒకే ఇంట్లో ఒకే ఆకులు తిన్న రెండింటిలో ఒకటి ఎర్రగా, ఇంకోటి పసుపుగా పోయడం నేనే చూశాను. తిన్న పూటే కనిపించాలని కూడా లేదు, మర్నాడో ఆ మర్నాడో కనిపించి, రెండు మూడు రోజులుండి దానంతటదే పోతుంది. ఇంకో తమాషా ఉంది: పోసినప్పుడు పసుపుగానే ఉన్న మూత్రం గాలికీ వెలుతురుకూ కొన్ని గంటలుంటే ముదిరి నారింజ, గోధుమ రంగుకు తిరుగుతుంది. పొద్దున బాల్కనీ తలుపు తీసి మీరు చూసిన ఎరుపు రాత్రి ఏ రంగులో ఉండేదో మీకు తెలియదు కదా. తాజాగా పోసినప్పుడు చూడటం అందుకే ముఖ్యం. నీళ్లు తక్కువైనా రంగు చిక్కబడుతుంది, అది మీ ఇంట్లో ఎలాగూ ఉన్న సంగతే.

ఇక అత్తయ్యగారి నెలసరి మాట. ఆవిడ మీద గౌరవంతోనే చెప్పండి, కుందేళ్లకు నెలసరి రాదు. వాటికి మనలా నెలనెలా అండం విడుదలయ్యే పద్ధతే లేదు, మగదానితో కలిశాకే అండం విడుదలవుతుంది. ఈ ఒక్క పొరపాటును మాత్రం నేను తేలిగ్గా వదిలిపెట్టను, ఎందుకంటే "నెలసరే కదా" అని వదిలేసిన ఇళ్లలో ఆడ కుందేళ్లు గర్భసంచి జబ్బుతో పోతాయి. ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్లకు గర్భసంచి క్యాన్సర్ చాలా మామూలు. మూడు నాలుగేళ్లు దాటిన వాటిలో, కొన్ని జాతుల్లోనైతే సగానికి పైగా దాని బారిన పడతాయి. దానికి బయటికి కనిపించే మొదటి గుర్తు తరచుగా ఇదే, మూత్రంతో పాటు రక్తం. చిట్టికి రెండున్నరేళ్లు. భయపెట్టడానికి కాదు చెప్పేది, బీట్‌రూట్ అని తేలినా ఈ రెండో అనుమానాన్ని ఒకసారి తీర్చేసుకోవాలని.

చూపుకి తేడా ఉంటుంది, కొంతవరకు. ఆకుల రంగు అయితే మడుగు మొత్తం ఒకే రంగులో ఉంటుంది, రూహ్ అఫ్జా కలిపిన నీళ్లలాగా. రక్తమైతే చాలాసార్లు పసుపు మూత్రంలో ఎర్రటి చారలుగానో చుక్కలుగానో, గడ్డలుగానో విడిగా కనిపిస్తుంది, ముఖ్యంగా పోయడం అయిపోయే చివర్లో. గర్భసంచి నుంచి వచ్చే రక్తం అయితే మూత్రంతో సంబంధం లేకుండా కూడా చుక్కలు పడొచ్చు, ఒక వారం కనిపించి రెండు వారాలు మాయమవ్వొచ్చు. ఈ చివరిమాట గుర్తుపెట్టుకోండి. "ఎరుపు పోయింది కదా, తగ్గిపోయింది" అన్న లెక్క ఇక్కడ పనిచేయదు.

కంటితో తేలకపోతే స్ట్రిప్ ఉంది. మెడికల్ షాపులో యూరిన్ టెస్ట్ స్ట్రిప్స్ అడిగితే చాలాచోట్ల షుగర్, ప్రొటీన్ రెండే చూపించేవి చేతిలో పెడతారు, అవి మీకు పనికిరావు. "బ్లడ్ గడి ఉన్నవి కావాలి, పది పరీక్షలవి" అని అడగండి. ట్రేని మామూలు నీళ్లతో బాగా కడిగి ఆరబెట్టి, అందులో కాగితం, పొట్టు ఏమీ వేయకుండా చిట్టిని వదిలి, పోయగానే సూది లేని సిరంజితో పీల్చి స్ట్రిప్ మీద వేయాలి. బ్లీచింగ్ వేసి తుడిచిన నేల మీద నుంచి తీయకండి, రక్తం లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుంది. బీట్‌రూట్ రంగుకు ఆ గడి మారదు, రక్తానికైతే మారుతుంది. రోజు మార్చి రోజు మూడుసార్లు చేయండి, ఇందాక చెప్పానుగా, రక్తం వచ్చి పోతూ ఉంటుంది. మూడుసార్లలో ఒక్కసారి మారినా డాక్టర్ దగ్గరికే. ఒక్కసారీ మారకపోయినా, ఆపరేషన్ కాని ఆడది కాబట్టి, కడుపుకి ఒక అల్ట్రాసౌండ్ చేయించమనే నా సలహా, కాకపోతే ఆదరాబాదరా పరుగెత్తాల్సిన పని ఉండదు.

ఇంత ఇదిగా చెప్పడానికి కారణం ఉంది. నా మొదటి కుందేలు ఎర్రగా పోసినప్పుడు ఐస్‌క్రీం డబ్బాలో శాంపిల్ పట్టుకుని మెహిదీపట్నం నుంచి ఆటోలో పరుగెత్తాను, తీరా చూస్తే ముందు రోజు తిన్న బీట్‌రూట్ ఆకులు. ఇంటికొచ్చి అందరం నవ్వుకున్నాం. ఆ నవ్వే కొంప ముంచింది. నాలుగేళ్ల తర్వాత రెండో కుందేలు, ఆడది, ఎర్రగా పోస్తే నేను పెద్ద అనుభవజ్ఞుడిలాగా "ఏం పెట్టారు నిన్న?" అని ఇంట్లోవాళ్లను అడిగి, క్యాబేజీ అనగానే కాళ్లు చాపుకుని కూర్చున్నాను. మూడు వారాలు అలాగే గడిపాను. అప్పటికి అది తిండి తగ్గించింది. గర్భసంచి తీసేయాల్సి వచ్చింది. అదృష్టం బాగుండి జబ్బు పక్కకు పాకలేదు, ఆ తర్వాత ఇంకో మూడేళ్లు బతికింది. ఎక్కువ కంగారు పడ్డ మొదటిసారి నాకు పోయింది ఆటో డబ్బులే.

సరే, తెలుపు సంగతి. దీనికి ఇంకొంచెం ఓపిగ్గా చదవాలి, ఎందుకంటే చిట్టి విషయంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఎరుపు కాదు, ఈ తెలుపే.

మనం పాలు తాగినా పెరుగు తిన్నా ఒంటికి కావాల్సినంత కాల్షియమే పేగు పీల్చుకుంటుంది, మిగతాది మలంలో పోతుంది. కుందేలు అలా కాదు. దొరికిన కాల్షియంలో చాలా భాగం, కావాల్సి ఉన్నా లేకపోయినా, పేగు నుంచి రక్తంలోకి పీల్చేసుకుని, ఎక్కువైంది కిడ్నీల గుండా బయటికి తోస్తుంది. చాలా జంతువుల్లో తిన్న కాల్షియంలో 2 శాతం కూడా మూత్రంలో పోదు, కుందేలులో 45 నుంచి 60 శాతం పోతుంది. అందుకని కుందేలు మూత్రం కొంచెం మబ్బుగా ఉండటం, ఎండాక తెల్లటి పొర మిగలడం సహజమే. ఆ పొర ఏంటో తెలుసా? కాల్షియం కార్బొనేట్, సున్నపురాయిలో ఉండేదే. అత్తయ్యగారు చూసి సున్నం అన్నా తప్పు కాదు. టైల్స్ మీద అంటుకున్న దాని మీద కొంచెం వెనిగర్ పోయండి, బుసబుస పొంగి ఊడొస్తుంది. (ఆ మరకలు పోవడానికి ఇంతకన్నా మంచి మందు లేదు, బాత్రూం యాసిడ్ మాత్రం కుందేలు తిరిగే చోట వాడకండి.)

ఎప్పుడు మామూలు కాదు? పోసినప్పుడే చిక్కగా టూత్‌పేస్ట్‌లా, తడి సిమెంటులా వస్తుంటే. పోయడానికి ముక్కుతుంటే, చాలాసేపు ట్రేలో కూర్చుని రెండు చుక్కలు పోసి లేస్తుంటే. ట్రే అలవాటున్న కుందేలు ఉన్నట్టుండి ఇల్లంతా తడుపుతుంటే. వెనక కాళ్ల మధ్య బొచ్చు ఎప్పుడూ తడిగా ఉండి చర్మం ఎర్రబడి వాసన వస్తుంటే. వానాకాలంలో ఆ తడి బొచ్చు మీద ఈగలు వాలి పురుగులు పడతాయి, చూడలేరు, కాబట్టి రోజూ ఒకసారి తిరగేసి చూడండి. ఇవి ఉంటే మూత్రాశయంలో సున్నం బురదలా పేరుకుందనో రాయి ఏర్పడిందనో అనుమానించాలి. ఎక్స్‌రే తీస్తే తెల్లగా స్పష్టంగా కనిపిస్తుంది, ఇందులో దాగుడుమూతలు లేవు. మీరు రాసినదాన్ని బట్టి నీళ్లలా పలచగానే పోస్తోంది, ఆ తర్వాతే పొడి మిగులుతోంది, హుషారుగా ఉంది. అంటే ఇంకా ముదరలేదనే ఆశ. కానీ మీరు పెడుతున్న తిండి చూస్తే ఇలాగే ఏడాది నడిస్తే ముదిరే దారే. లూసర్న్, మునగాకు, కప్పు నిండా పెల్లెట్లు, ఆపైన చుక్క నీళ్లు లేవు. సున్నం పోసి నీళ్లు తీసేసినట్టే కదండీ.

కొందరు దీనికి బోరు నీళ్లను తిడతారు. మన హైదరాబాద్ బోరు నీళ్లు గట్టివే, బకెట్ల మీద తెల్ల చారలు మనందరికీ తెలుసు. లెక్క వేసి చూద్దాం. లీటరుకు 100 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న బాగా గట్టి నీళ్లే అనుకోండి, చిట్టి రోజుకు 200 మిల్లీలీటర్లు తాగితే ఒంట్లోకి పోయేది 20 మిల్లీగ్రాములు. అదే 50 గ్రాముల ఎండు లూసర్న్ తింటే 600 మిల్లీగ్రాములకు పైమాటే. దోషం గిన్నెలో లేదు, గడ్డిలో ఉంది. మీరు తాగే ఫిల్టర్ నీళ్లు పోస్తే పోయండి, కాదనను, కానీ నీళ్లను భయపడి తగ్గించొద్దు.

లూసర్న్ చెడ్డ గడ్డి కాదు. ఆరేడు నెలల లోపు పిల్లలకు, కడుపుతో ఉన్నవాటికి, పాలిచ్చే తల్లులకు అది బలం. పెద్ద కుందేలుకు రోజూ అదే పెట్టడం అంటే మనం రోజూ పెళ్లి భోజనం చేసినట్టు. లూసర్న్‌లో కాల్షియం, మాంసకృత్తులు రెండూ ఎక్కువ, తిమోతి లాంటి గడ్డిజాతుల్లో కాల్షియం దాంట్లో సుమారు మూడో వంతే. పెల్లెట్ల సంచి తిప్పి చూడండి, మొదటి పదార్థం లూసర్న్ లేదా ఆల్ఫాల్ఫా అని ఉంటే రెండూ ఒకటే, పేరే తేడా.

మరి ఏం పెట్టాలి అంటారు. తిండిలో నూటికి 80 పాళ్లు గడ్డి, ఎండుదో పచ్చిదో, రోజంతా అందుబాటులో, కనీసం దాని ఒళ్లంత పెద్ద కట్ట. ఇది ఎందుకంటే కుందేలు పళ్లు బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి, వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు, గడ్డి నమిలితేనే అరుగుతాయి. పేగు కదలడానికీ ఆ పీచే ఆధారం. తిమోతి గడ్డి ప్యాకెట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, దిగుమతి సరుకు కాబట్టి ధర గుండెల్లో దిగుతుంది. ఓట్ హే, రోడ్స్ గడ్డి కూడా బాగానే ఉంటాయి. అవీ ఖరీదు అనిపిస్తే మన గరిక ఉంది. వినాయక చవితికి కట్టలు కట్టి అమ్ముతారే, అదే గరిక, ఏడాది పొడుగునా ఊరి చివర దొరుకుతుంది. కుక్కలు తిరిగే పార్కులోది, మందు కొట్టిన లాన్‌లోది, రోడ్డు పక్క పొగ పీల్చినది వద్దు. లాన్ మెషీన్ కోసి పారేసిన గడ్డి అసలే వద్దు, గంటలో వేడెక్కి పులుస్తుంది, కడుపు ఉబ్బుతుంది. కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టండి. పశువుల దాణా అమ్మేవాళ్ల దగ్గర పచ్చి మొక్కజొన్న మేత దొరికితే అదీ పెట్టొచ్చు, లేత జొన్న మాత్రం కాదు, అందులో ఉండే విషం పశువులనే పడగొడుతుంది. సుబాబుల్ ఆకు ఎవరైనా ఉచితంగా ఇస్తామన్నా వద్దనండి. వరిగడ్డిలో సారం లేదు, పడుకోవడానికి పరుపులా వేయండి, నాలుగు పోచలు నమిలినా నష్టం లేదు.

ఆకుకూరలు రోజుకు రెండు గుప్పెళ్లు, రకాలు మారుస్తూ. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకులు, క్యారెట్ ఆకులు, లెట్యూస్ (ముదురాకుపచ్చది), కాస్త మెంతికూర. ఎర్రగడ్డ రైతుబజార్‌లో సాయంత్రం పూట కూరగాయలమ్ముకునేవాళ్లు ముల్లంగి, కాలీఫ్లవర్ ఆకులు పీకి పక్కన పడేస్తారు, అడిగితే సంతోషంగా ఇస్తారు, నేను ఏళ్లుగా అలాగే తెచ్చుకున్నాను. బాగా కడిగి, నీళ్లు దులపకుండా అలాగే పెట్టండి, ఆ తడి కూడా లోపలికి పోతుంది. మునగాకులో వంద గ్రాములకు 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, కరివేపాకులో 600 పైనే, తోటకూరలోనూ తక్కువేం కాదు. మనుషులకు అమృతం, చిట్టికి వారానికోసారి నాలుగు రెమ్మలు చాలు, ప్రస్తుతానికి అదీ ఆపండి. పాలకూర, గోంగూరల్లో కాల్షియం గొడవ కన్నా ఆక్సలేట్లు అనే లవణాలు ఎక్కువ, అవీ అప్పుడప్పుడే. అలాగని భయపడి కాల్షియం మొత్తం తీసేయాలని చూడకండి, ఎముకలు, పళ్లు దానితోనే నిలబడాలి.

పెల్లెట్లు రోజుకు రెండు టేబుల్ స్పూన్లు. కప్పు కాదండీ. కప్పు నిండా పెడితే కడుపు దానితోనే నిండిపోయి గడ్డి ముట్టదు, ఒళ్లు వస్తుంది, ఒళ్లు వచ్చిన కుందేలు కదలదు, కదలని కుందేలు మూత్రాశయంలో సున్నం కిందికి దిగి పేరుకుంటుంది. రోజుకు మూడు నాలుగు గంటలు ఇంట్లో పరుగెత్తనివ్వడం కూడా దీనికి మందే. ట్రే మురికిగా ఉన్నా కొన్ని పోయకుండా ఆపుకుంటాయి, రోజూ మార్చండి.

క్యారెట్ మిఠాయి కింద లెక్క. బొటనవేలంత ముక్క, అరటిపండు అయితే చిన్న బిళ్ల, గింజలు తీసిన యాపిల్ ముక్క, ఏదో ఒకటి, రోజుకు ఒకటి. బొమ్మల పుస్తకాల్లో కుందేలు చేతిలో క్యారెట్ పెట్టినవాడు కుందేలును పెంచి ఉండడు. అన్నం, చపాతీ, బిస్కెట్లు, నానబెట్టిన శనగలు, "పాపం అడుగుతోంది" అని పెట్టే మిక్చర్ పలుకులు, అన్నీ బంద్. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, టమాటా ఆకులు ముట్టనివ్వొద్దు.

ఇవన్నీ రేపు పొద్దున్నే మార్చేయకండి. నీళ్లు, బీట్‌రూట్, మునగాకు తప్ప మిగతా మార్పంతా రెండు మూడు వారాల్లో మెల్లగా జరగాలి. లూసర్న్‌లో ఇవాళ పిడికెడు కొత్త గడ్డి కలపండి, మూడు రోజుల తర్వాత రెండు పిడికిళ్లు, అలా. కుందేలు పేగులో ఉండే సూక్ష్మజీవులకు అలవాటు పడే టైం ఇవ్వాలి, లేకపోతే మూత్రం బాగుచేయబోయి కడుపు పాడుచేసినట్టవుతుంది. కొత్త గడ్డి చూసి మూతి తిప్పుకుంటే బెదిరిపోకండి, కొంచెం కొత్తిమీర మధ్యలో దాచి పెట్టండి. కానీ పస్తు పెట్టి దారికి తెద్దామని మాత్రం చూడొద్దు. కుందేలు 12 గంటలు ఏమీ తినకపోయినా, బఠాణీ గింజంత గుండ్రటి పెంటికలు వేయడం ఆగిపోయినా, మూలకు ముడుచుకుని పళ్లు గట్టిగా కొరుకుతున్నా, ముక్కుతూ మూత్రం అసలు రాకపోయినా, ఆ రాత్రికి ఆ రాత్రే డాక్టర్‌కి చూపించాలి.

డాక్టర్ అంటే ఎవరైనా పశువుల డాక్టర్ అని కాదు. మన ఊళ్లో కుక్కల, పిల్లుల క్లినిక్‌లు గల్లీకొకటి ఉన్నాయి, కుందేళ్లు బాగా తెలిసినవాళ్లు తక్కువ. ఫోన్ చేసి "నెలకు ఎన్ని కుందేళ్లను చూస్తారు, ఆడ కుందేళ్లకు ఆపరేషన్లు చేస్తారా" అని మొహమాటం లేకుండా అడగండి. రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది, అక్కడైనా ముందు కనుక్కుని పోండి. నోటి ద్వారా అమాక్సిసిలిన్ రాసిస్తే వద్దనండి, మనకు మామూలు మందే కానీ కుందేలు పేగులోని మంచి సూక్ష్మజీవులను చంపి దాని ప్రాణం తీస్తుంది. ఆపరేషన్ ముందు రోజు రాత్రి నుంచి పస్తు ఉంచమంటే అదీ కుక్కల లెక్కే, కుందేలుకు వాంతి రాదు, పస్తు అక్కర్లేదు, పస్తు ప్రమాదం. మందు, పస్తు, ఈ రెండు విషయాల్లో వచ్చే జవాబుతోనే ఆ డాక్టర్‌కి కుందేళ్లు తెలుసా లేదా మీకు అర్థమైపోతుంది. గర్భసంచి తీయించే ఆపరేషన్ మూడేళ్లు దాటకముందే చేయిస్తే మేలు. కుక్కలు, పిల్లులతో పోలిస్తే కుందేలుకు మత్తులో ప్రమాదం కొంచెం ఎక్కువ, దాచను, అందుకే చేయి తిరిగినవాళ్ల దగ్గరే.

తీసుకెళ్లేటప్పుడు వారం రోజుల ఫోటోలు చూపించండి, పగటి వెలుతురులో తీసినవి. ట్రేలో తెల్ల పాత గుడ్డ వేస్తే రంగు బాగా తెలుస్తుంది. మధ్యాహ్నం ఎండలో బైక్ మీద బుట్టలో వద్దు, 30 డిగ్రీలు దాటితేనే కుందేలు ఒగరుస్తుంది, మన ఏప్రిల్ మే సంగతి చెప్పక్కర్లేదు. పొద్దున్నే పోండి, బుట్టలో గడ్డి వేయండి. ఇంట్లో బాల్కనీ కూడా ఎండాకాలానికి పనికిరాదు. లోపల ఫ్యాన్ కింద తడిపిన గోనెపట్టా పక్కన, ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల బాటిల్ గుడ్డలో చుట్టి పెడితే దానికి ఆనుకుని పడుకుంటుంది.

మూడు స్ట్రిప్పులు అయ్యాక గడి ఏ రంగుకు మారిందో ఫోటో పంపండి. పరీక్ష పూర్తయ్యేదాకా చిట్టికి బీట్‌రూట్, క్యాబేజీ పెట్టకండి, చూసే కంటికి అయోమయం. ఇంట్లో ఉన్న బీట్‌రూట్ మీరే కొబ్బరి వేసి కూర చేసుకోండి, తొక్కలు చెత్తబుట్టలో వేయండి, బాల్కనీలో కాదు.